చీలమండ నిలకడ – చేతి చికిత్స

శరీరభారాన్నంతటినీ మోస్తూ, ఎగుడుదిగుడు నేలకు అనుక్షణం సర్దుకొనే కీలు చీలమండ. ఇంతటి సేవ చేసే అవయవాన్ని మనం తలచుకొనేది అది బెణికిననాడే. ఉర్దూలో ‘మోచ్’ అనీ, తెలుగులో ‘బెణుకు’ అనీ చెప్పుకొని, నాలుగు రోజులు నూనె మర్దనం చేయించి, వాపు తగ్గగానే మరచిపోవడం మనకు పరిపాటి. కాని ఒకసారి బెణికిన కాలు ఏడాది గడచినా మాటిమాటికీ అదే వైపుకు మడతపడుతూ, నడకలో నమ్మకం లేకుండా చేస్తుంటే, అది అలక్ష్యం చేయదగినది కాదు. దీనిని వైద్యులు దీర్ఘకాలిక చీలమండ అస్థిరత అంటారు. దీనికి ఫిజియోథెరపిస్టులు చేతులతో చేసే చికిత్సను గూర్చి ఇక్కడ వివరింపదలచాము.

మన షేక్‌పేట పరిసరాలలో కాళ్ళకు పరీక్షలు తక్కువ కావు. గోల్కొండ కోట రాతిమెట్లు, జూబిలీహిల్స్ గుట్టల ఏటవాలు దారులు మనకు తెలిసినవే. ఫిల్మ్‌నగర్‌లో నృత్య దృశ్యాలలో, పోరాట దృశ్యాలలో పనిచేసేవారికి కాళ్ళే జీవనాధారం. ఇక ఫుట్‌బాల్ సంగతి చెప్పనక్కరలేదు. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారతజట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానాన్నీ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకాన్నీ సాధించింది. ఆ వారసత్వం గల నగరంలో, ఒక్క బెణుకును సరిగా మాన్పుకోలేక ఆటకు స్వస్తి చెప్పడం విచారకరం.

అసలు లోపల జరిగేది ఏమిటి? కాలి వెలుపలి వైపున ఎముకలను కలిపి ఉంచే సంధిబంధనాలు మూడు ఉన్నాయి. పాదం లోపలికి మడతపడినప్పుడు వీటిలో సాధారణంగా మొదట దెబ్బతినేది ముందువైపున ఉన్నది. ఈ బంధనాలు కేవలం త్రాళ్ళు కావు. పాదం ఏ స్థితిలో ఉన్నదో మెదడుకు తెలియజేసే నాడీ తంతువులు కూడా వీటిలో ఉన్నాయి. బెణికిన తర్వాత కాలు ‘తప్పిపోతున్నట్లు’ అనిపించడానికి ఈ సమాచారలోపం కూడా కారణమని ఆంగ్ల వైద్యుడు ఫ్రీమన్ 1965లో ప్రతిపాదించాడు.

ఇందులో ఒక విచిత్రం గలదు. కీలు ప్రక్కకు వదులైనా, ముందుకు వంగడంలో చాలామందికి బిగుసుకొని పోతుంది. పాదాన్ని పైకి వంచినప్పుడు టాలస్ అనే ఎముక కొంచెం వెనుకకు జారాలి. ఈ జారుడు తగ్గితే మడమ నేలకు ఆనించి గొంతుక కూర్చోవడం, మెట్లు దిగడం, ఎగిరి సరిగా నేలపై దిగడం కష్టమవుతాయి. దీనిని ఎవరైనా పరీక్షించుకోవచ్చును. గోడ ఎదుట నిలబడి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించాలి. అలా తాకించగలిగినంతవరకు పాదాన్ని వెనుకకు జరుపుతూ, బొటనవ్రేలికీ గోడకూ మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి రెండు కాళ్ళనూ పోల్చాలి. ఒక్క సెంటీమీటరు తేడా సుమారు మూడున్నర డిగ్రీల వంపుకు సమానం.

ఈ బిగువును సడలించడానికే చేతి చికిత్స. ఆస్ట్రేలియాకు చెందిన జెఫ్రీ మెయిట్‌లాండ్ పద్ధతిలో రోగిని పడుకోబెట్టి, ఒక చేత్తో పిక్క క్రింది భాగాన్ని కదలకుండా పట్టుకొని, రెండవ చేత్తో టాలస్‌ను లయబద్ధంగా వెనుకకు నెడతారు. న్యూజీలాండ్‌కు చెందిన బ్రయాన్ మలిగన్ పద్ధతిలో రోగి నిలబడి మోకాలిని ముందుకు వంచుతుండగా, చికిత్సకుడు టాలస్‌ను వెనుకకు నొక్కిపట్టి, కాలి చుట్టూ వేసిన పట్టాతో జంఘాస్థిని ముందుకు లాగుతాడు. ఇందులో నొప్పి కలుగరాదన్నది ముఖ్య నియమం.

హైదరాబాదు పాతబస్తీలో పహిల్వాన్ల మర్దనానికీ, రాయలసీమలోని పుత్తూరు కట్టుకూ ప్రజలలో ఎంతో విశ్వాసం ఉన్నది. స్పర్శకు గల శక్తిని మన పెద్దలు గుర్తించారనడానికి ఇవి నిదర్శనాలు. కాని ఎముక విరిగినదో లేదో తెలియకుండా కాలు లాగడం ప్రమాదకరం. దెబ్బ తగిలాక నాలుగు అడుగులు వేయలేకపోయినా, చీలమండకు ఇరుప్రక్కల ఉబ్బెత్తు ఎముకల వెనుక అంచునగాని, కొనలోగాని నొక్కితే నొప్పి ఉన్నా ముందు ఎక్స్‌రే తీయించాలి. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం గెలిచిన మన పి.వి. సింధు, ఎడమపాదం ఎముకలో పగులు ఉన్నట్లు తేలగా ఆ ఏటి ప్రపంచ పోటీల నుండి తప్పుకొన్నది. పాదంలోని ప్రతి నొప్పీ బెణుకు కాదన్నమాట.

చేతి చికిత్సతో వంపు పెరగడం, నిలకడ కొంత మెరుగుపడడం పరిశోధనలలో కనిపించినదే. అయితే ఆ ఫలితాన్ని నిలుపుకొనే భారం రోగిదే. ఒంటికాలిపై నిలబడడం, ఊగే బల్లపై సమతూకం సాధించడం, పాదాన్ని వెలుపలికి త్రిప్పే కండరాలను రబ్బరు పట్టీతో బలపరచడం కొన్ని వారాలపాటు క్రమం తప్పక చేయాలి. వైద్యుని చేయి తలుపు తెరుస్తుంది. లోపలికి నడవవలసింది మనమే.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒక్కటే. ఊగే బల్ల వడ్రంగి చేయగలిగినదే, ఖర్చు స్వల్పం. ఆటలకు ముందు పది నిమిషాల సమతూక వ్యాయామాన్ని నియమం చేసి, మైదానంలోని గుంతలు పూడ్పిస్తే ఎన్నో బెణుకులు తప్పుతాయి. విద్యార్థి మిత్రులారా! వాపు తగ్గినంత మాత్రాన కాలు బాగైనదని భ్రమపడవద్దు. ఒంటికాలిపై నిశ్చలంగా నిలబడగలిగిననాడే మళ్ళీ మైదానంలో అడుగుపెట్టండి.