ఇంపోర్ట్ దారి ఎడిటర్‌కు ఎలా తెలుస్తుంది?

2015లో జావాస్క్రిప్ట్ భాషా ప్రమాణంలో మాడ్యూళ్లకు, అంటే ఒక ఫైలులోని కోడ్‌ను మరో ఫైలు ‘ఇంపోర్ట్’ అనే మాటతో తెచ్చుకునే పద్ధతికి చోటు దొరికింది. మైక్రోసాఫ్ట్ సంస్థ విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్‌ను ప్రకటించినదీ ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. ఈ రెండింటినీ కలిపి వాడే విద్యార్థులకు, ప్రాజెక్టు కాస్త పెరిగేసరికి ఫైళ్ల చిరునామాల చిక్కు ఎదురవుతుంది.

తిరుపతి–చిత్తూరు బస్సు వేళలు చూపే వెబ్‌సైట్‌ను తయారు చేస్తున్నారనుకుంటే, లోలోపలి ఫోల్డరులో ఉన్న పేజీ సమయాల లెక్క ఉన్న ఫైలును పిలవడానికి ‘../../../యుటిల్స్/టైమ్’ వంటి దారి రాయవలసి వస్తుంది. ఇందులో ప్రతి జంట చుక్కా ఒక మెట్టు పైనున్న ఫోల్డరును సూచిస్తుంది. ఆ మెట్లు లెక్కపెట్టే పని లేకుండా, ప్రధాన ఫోల్డరుకు ‘@’ అని మారుపేరు పెట్టి ‘@/యుటిల్స్/టైమ్’ అని రాయడం వాడుకలోకి వచ్చింది. అయితే ఆ గుర్తు ఏ ఫోల్డరుదో ఎవరూ చెప్పనంతవరకు ఎడిటర్‌కు తెలియదు కనుక, కంట్రోల్ మీట నొక్కి క్లిక్ చేసినా ఫైలు తెరుచుకోదు, టైప్ చేస్తుండగా రావలసిన సూచనలు రావు, టైపుల తనిఖీ పెట్టుకున్నచోట దారి కింద ఎర్రగీత కూడా పడుతుంది.

దీనికి విరుగుడు ప్రాజెక్టు మూలంలో ఉంచే ‘జేఎస్‌కాన్ఫిగ్.జేసన్’ అనే చిన్న ఫైలు. అందులోని ‘కంపైలర్ ఆప్షన్స్’ కింద ‘పాత్స్’ అనే అంశంలో, ప్రధాన ఫోల్డరు పేరు ‘ఎస్‌ఆర్‌సీ’ అయితే, ‘@/*’ అంటే ‘./ఎస్‌ఆర్‌సీ/*’ అని రాస్తే చాలు. నక్షత్రపు గుర్తు ‘@/’ తరువాత వచ్చే దారి మొత్తానికీ వర్తిస్తుంది. ఈ ఎడిటర్ జావాస్క్రిప్ట్‌ను సైతం, దానికి టైపులు జోడించే టైప్‌స్క్రిప్ట్ భాష సేవ ద్వారానే అర్థం చేసుకుంటుంది కాబట్టి, 2016లో టైప్‌స్క్రిప్ట్ 2.0తో వచ్చిన ఈ ఏర్పాటు ఇక్కడా పనిచేస్తుంది.

కొత్తవారు ఎక్కువగా తడబడేది దీని తరువాతే. ఈ ఫైలు ఎడిటర్‌కు మాత్రమే దారి చూపుతుంది, కోడ్‌ను నడిపించే సాధనానికి కాదు. అందువల్ల ఎర్రగీత పోయినా ప్రోగ్రాము ‘మాడ్యూల్ దొరకలేదు’ అని ఆగిపోవచ్చు. కోడ్‌ను కట్టగట్టే వెబ్‌ప్యాక్ లేదా వీట్ వంటి సాధనాలు వాడేవారు వాటి సెట్టింగులలోనూ ఇదే మారుపేరును ‘అలియాస్’ కింద చేర్చాలి. జావాస్క్రిప్ట్‌ను బ్రౌజరు బయట నడిపే నోడ్‌లో నేరుగా నడిచే కొత్త ప్రాజెక్టుకైతే, ప్యాకేజ్.జేసన్‌లోని ‘ఇంపోర్ట్స్’ అంశంలో ‘#’తో మొదలయ్యే పేర్లు పెట్టుకోవడమే మేలు, వాటిని నోడ్ స్వయంగా గుర్తిస్తుంది, ఇప్పటి ఎడిటర్లూ చదవగలవు, ఒకే సంగతిని రెండుచోట్ల రాసే అవసరం తప్పుతుంది.

అక్షరాల పట్టింపు మరొకటి ఉంది. విండోస్‌లో ఫైళ్ల పేర్లలోని ఇంగ్లీషు పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా సాధారణంగా లెక్కలోకి రాదు గానీ, సర్వర్లలో విరివిగా వాడే లైనక్స్‌లో వస్తుంది. కనుక ఫైళ్ల పేర్లూ, ఇంపోర్ట్ దారులూ మొదటినుంచీ చిన్నబడిలోనే పెట్టుకుంటే, ల్యాప్‌టాప్‌లో నడిచిన వెబ్‌సైట్ సర్వరుకు ఎక్కించాక ఈ కారణంగా ఆగిపోదు.