ఆఫీసు ఇంగ్లీషు, పాఠ్యగ్రంథాల ఇంగ్లీషు

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో షిఫ్టుల్లో పనిచేస్తూ మీలో కొందరు ఈ కోర్సు చదువుతూ ఉండవచ్చు. ఫోన్‌లో కస్టమర్‌తో తడబడకుండా ఇంగ్లీషులో మాట్లాడగలిగిన విద్యార్థి, అర్థశాస్త్రంలో ఒక ఇంగ్లీషు అధ్యాయం తెరిస్తే రెండో పేజీ దాటలేకపోవడం మా అధ్యాపకులకు కొత్త విషయం కాదు. అంతమాత్రాన 'నాకు ఇంగ్లీషు రాదు' అని తేల్చుకోకండి. రోజువారీ సంభాషణకు కావలసిన భాషా సామర్థ్యం వేరు, చదువుకు కావలసిన భాషా సామర్థ్యం వేరు అని కెనడాకు చెందిన విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో ప్రతిపాదించారు. మొదటిదానికి ఎదుటివారి స్వరం, సందర్భం తోడుంటాయి. రెండోదానికి ఆ తోడు తక్కువ. అర్థం చాలావరకు కాగితం మీది వాక్యంలోంచే రావాలి. అమీర్‌పేట బోర్డుల మీద కనిపించే 'స్పోకెన్ ఇంగ్లీష్' మొదటిదానికి సంబంధించినది.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇక్కడ ఒక లాభం ఉంది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తర్వాత వచ్చిన డిగ్రీ పాఠ్యపుస్తకాల భాషను గుర్తుచేసుకోండి. ఇంట్లో మనం 'ఊరు పెరిగింది, అందుకే చెరువులు కుంచించుకుపోయాయి' అంటాం. పుస్తకం 'నగర విస్తరణ చెరువుల క్షీణతకు దారితీసింది' అంటుంది. క్రియలు రెండూ నామవాచకాలైపోయాయి. ఇంగ్లీషు శాస్త్రగ్రంథాలు చేసేది కూడా ఇదే. పట్టణీకరణ, పారిశ్రామికీకరణ అనే మాటలతో మీకు పరిచయం ఉంటే అర్బనైజేషన్, ఇండస్ట్రియలైజేషన్ మీకు పరాయివి కావు. అక్కడి 'షన్', ఇక్కడి 'కరణ' చేసే పని ఒకటే.

అయితే ఇలా మార్చినప్పుడు ఒక మనిషి మాయమవుతాడు. 'చెరువుల క్షీణత' అన్న మాటలో చెరువును పూడ్చినవాడు లేడు, అనుమతి ఇచ్చినవాడు లేడు. అందుకే చదివేటప్పుడు అటువంటి నామవాచకాన్ని మళ్లీ క్రియగా విప్పి, ఎవరు, ఏమి, ఎవరికి చేశారని అడగండి. వాక్యం అర్థమవుతుంది, రచయిత చెప్పకుండా వదిలిందేమిటో కూడా తెలుస్తుంది. విమర్శనాత్మక పఠనం అని పెద్ద పేరున్న పని ఇక్కడే మొదలవుతుంది.

వాక్య నిర్మాణంలో మరో ఇబ్బంది ఉంది. 'నిన్న కొన్న పుస్తకం' అన్నప్పుడు వివరణ ముందు, పుస్తకం తర్వాత. ఇంగ్లీషులో 'ద బుక్ దట్ ఐ బాట్ ఎస్టర్‌డే' అని పుస్తకం ముందు వస్తుంది. ఈ వివరణ మూడు పంక్తులు సాగితే కర్తకూ క్రియకూ మధ్య పెద్ద అగాధం ఏర్పడుతుంది. మాటకు మాట తెలుగులో పెట్టుకుంటూ పోతే మధ్యలోనే దారి తప్పుతారు. పెన్సిలుతో ముందు ప్రధాన క్రియ కింద గీత గీయండి, దాని కర్తను వెతకండి, మిగిలినది ఆ తర్వాత చూడండి.

తెలిసిన మాటల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ఆఫీసులో 'ఇష్యూ' అంటే సరిచేయవలసిన లోపం. పుస్తకంలో అది చాలాసార్లు చర్చనీయాంశం. 'ఆర్గ్యుమెంట్' తగాదా కాదు, ఆధారాలతో నిలబెట్టిన వాదన. 'డేటా సజెస్ట్స్' అంటే డేటా సలహా ఇస్తోందని కాదు, అటువైపు సూచిస్తోందని. రచయిత అంతకుమించి పూచీ తీసుకోవడం లేదని కూడా. పదజాలానికి అంతం లేదని భయపడకండి. న్యూజిలాండ్‌కు చెందిన ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌లో ఉన్నవి 570 పద కుటుంబాలే. ఆమె పరిశీలించిన విద్యావిషయక రచనల్లోని మొత్తం మాటల్లో ఇవి దాదాపు 10 శాతం. అనలైజ్, అనాలిసిస్, అనలిటికల్, మీ ఆఫీసులోని అనలిస్ట్, ఇవన్నీ ఒకే కుటుంబం.

ఇక రాయడం. 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్' తరహా ఈ-మెయిల్ భాష అసైన్‌మెంట్‌లో పనికిరాదు. అంతకంటే ముఖ్యమైనది, వాస్తవానికీ వాదనకూ తేడా పాటించడం. '2019లో హైటెక్ సిటీకి మెట్రో రైలు వచ్చింది' అన్నది వాస్తవం. 'అందువల్ల రోడ్ల మీద రద్దీ తగ్గింది' అన్నది వాదన. దానికి అంతకుముందు ఎంత, ఆ తర్వాత ఎంత అన్న లెక్క కావాలి. తగ్గి ఉంటే వేరే కారణాలున్నాయేమో కూడా చూడాలి. లెక్క లేనప్పుడు 'తగ్గి ఉండవచ్చు' అని రాయడం పిరికితనం కాదు, పద్ధతి. ఇంగ్లీషులో 'మే', 'మైట్' ఉన్నది ఇందుకే.

పుస్తకం తెరిచిపెట్టుకొని రాస్తే వాక్యాలు ఆ పుస్తకానివే అవుతాయి. ఒక పేరా చదివాక పుస్తకం మూసి, సారాంశాన్ని తెలుగులో రెండు వాక్యాలుగా రాసుకోండి. ఆ తర్వాతే ఇంగ్లీషులో రాయండి, రచయిత పేరూ సంవత్సరమూ చేర్చండి. తెలుగును తలలోంచి పూర్తిగా తీసేస్తేగానీ ఇంగ్లీషు రాదనే మాటను నేను ఒప్పుకోను. అర్థం కానిది ఏ భాషలోనూ రాయలేం. ఫోన్‌లోని అనువాద యాప్‌ను చివర్లో సరిచూసుకోవడానికి వాడితే తప్పు లేదు. మొదట్లోనే వాడితే ఆలోచించే పని దానికి వెళ్లిపోతుంది.

అభ్యాసం: మీ సబ్జెక్టుకు చెందిన ఇంగ్లీషు పుస్తకంలో ఒక పేరా ఎంచుకోండి. అందులో క్రియల నుంచి ఏర్పడిన నామవాచకాలు మూడు గుర్తించి, ప్రతిదాన్నీ 'ఎవరు ఏమి చేశారు' అనే రూపంలో తెలుగులో తిరగరాయండి. తర్వాత ఆ పేరా సారాంశాన్ని ఇంగ్లీషులో 60 మాటలకు మించకుండా రాసి, మీ అధ్యయన కేంద్రంలో కౌన్సెలర్‌కు చూపించండి.