నొక్కితే ఎవరు వినాలి?

1978 వేసవిలో త్రిగ్వె రీన్స్‌కౌగ్ అనే నార్వే ఇంజనీరు కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రానికి అతిథిగా వెళ్లాడు. అంతకుముందు ఓడల నిర్మాణానికి సాఫ్ట్‌వేర్ రాసినవాడు. అంత పెద్ద పనికి వేసిన ప్రణాళికను ఒకరు గ్రాఫుగా, ఇంకొకరు పట్టికగా చూస్తారు. వివరాలు మాత్రం ఒక్కటే. మరి ఒకచోట దిద్దితే అన్నిచోట్లా మారేదెలా? 1979 డిసెంబరులో ఆయన రాసిన చిన్న నోటులో జవాబుంది: వివరాలను మోడల్ దాచుకుంటుంది, వ్యూ చూపిస్తుంది, మనిషికీ ఈ ఏర్పాటుకీ నడుమ కంట్రోలర్ ఉంటుంది.

ఆయన వెళ్లిపోయాక స్మాల్‌టాక్-80 భాషలో ఈ ఆలోచన రూపం దిద్దుకుంది. అక్కడ కంట్రోలర్‌కు దక్కింది చిన్న ఉద్యోగమే: మౌస్ ఎక్కడుంది, ఏ మీట నొక్కారు అని కాపు కాయడం. తరువాత వచ్చిన బటన్లు తమ మీది నొక్కుడును తామే వినడం నేర్చుకున్నాయి. దాంతో ఆ కాపలా అక్కర్లేకపోయింది.

2004లో వచ్చిన వెబ్ ఫ్రేమ్‌వర్క్ రూబీ ఆన్ రెయిల్స్ కంట్రోలర్‌కు సర్వర్‌లో వేరే కొలువు ఇచ్చింది. బ్రౌజర్ నుంచి అభ్యర్థన రాగానే అందుకుని, మోడల్‌ను అడిగి, పేజీని తయారుచేయించి పంపడం.

బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్ట్‌కు అప్పటికి ఈ కంట్రోలర్ గొడవ పెద్దగా లేదు. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలి రూపం రాసిన ఆ భాషతో చాలాకాలం ఫారాల్లో తప్పులు పట్టుకున్నారు, బొమ్మలు మార్చుకున్నారు. 2004లో పేజీ మళ్లీ లోడ్ కాకుండానే నడిచే జీమెయిల్ వచ్చాక లెక్క మారింది. 2006లో వచ్చిన జేక్వెరీ లైబ్రరీతో పేజీలో ఏ మూలనైనా తేలిగ్గా మార్చవచ్చు. చిక్కంతా ఆ తేలికలోనే ఉంది. ఒక దుకాణం పేజీ తీసుకోండి. బుట్టలో ఎన్ని వస్తువులున్నాయో పైన ఒకచోట, పక్కన మరోచోట, బిల్లు దగ్గర ఇంకోచోట కనిపించాలి. ‘కొను’ బటన్ వెనకున్న కోడు ఈ మూడింటినీ వెతికి దిద్దుతుంది. ‘తీసెయ్’ బటన్ వెనకున్నది రెండింటినే దిద్ది మూడోది మరిచిపోతుంది. అసలు సంఖ్య ఏది? తెర మీద కనిపించేదే. దానికి వేరే ఇల్లు లేదు.

2010లో వచ్చిన బ్యాక్‌బోన్ లైబ్రరీ ఆ సంఖ్యకు మోడల్ అనే ఇల్లు కట్టింది. అందులోని కంట్రోలర్ చేసేది వెబ్ చిరునామాను తగిన ఫంక్షన్‌కు కలపడమే. మరుసటి ఏడాది దాన్ని రౌటర్‌గా మార్చారు. నిజాయితీగల నిర్ణయం.

కంట్రోలర్‌కు మహర్దశ పట్టింది యాంగులర్‌జేఎస్‌లో. గూగుల్‌లో ఒక ప్రాజెక్టు కోడు 17,000 వరుసలకు పెరిగితే, తాను రాసిన యాంగులర్‌తో దాన్ని రెండు వారాల్లో తిరగరాస్తానని మిష్కో హెవెరీ పందెం కాశాడు. మూడు వారాలు పట్టింది. పందెం పోయింది గానీ కోడు 1,500 వరుసలకు దిగింది. కంట్రోలర్ ‘స్కోప్’ అనే పాత్రలో సంఖ్యను పెడుతుంది. పేజీలో జంట బ్రాకెట్ల మధ్య దాని పేరు రాస్తే చాలు. నొక్కుడు జరిగినప్పుడల్లా యాంగులర్ తాను కనిపెట్టుకుని ఉన్న విలువలన్నిటినీ పాతవాటితో పోలుస్తుంది, మారినవాటిని తెర మీద దిద్దుతుంది. ఒక మార్పు మరో మార్పును తెస్తే మళ్లీ మొదటినుంచి పోలుస్తుంది. పది చుట్లు తిరిగినా నిలకడ రాకపోతే ఎర్రర్ చూపి ఆగిపోతుంది.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డులకెక్కినంత పేరు దానికొచ్చింది. కష్టాలూ వచ్చాయి. ఎక్కడ పెట్టాలో తెలియని సామాను అటకెక్కినట్టు, సర్వర్‌తో మాటలు, ధరల లెక్కలు, తేదీల దిద్దుబాట్లు అన్నీ కంట్రోలర్‌లోకే చేరాయి. లెక్కలను సర్వీసుల్లోకి తీసేయండి, కంట్రోలర్‌ను పలచగా ఉంచండి అని యాంగులర్ వాళ్లే చెప్పారు. గడువు నెత్తిమీదుంటే వినేదెవరు?

2013లో బయటికొచ్చిన రియాక్ట్ లైబ్రరీ పేజీని అడ్డంగా కాక నిలువుగా కోసింది: బుట్ట చూపడం, నొక్కుడు వినడం ఒకే కాంపొనెంట్‌లో. 2016లో యాంగులర్ కొత్త రూపం కూడా కంట్రోలర్లను వదిలి కాంపొనెంట్ల దారి పట్టింది.

2018లో స్టిములస్ లైబ్రరీ కంట్రోలర్లను మళ్లీ పిలిచింది, పాత చిన్న ఉద్యోగానికే. సర్వర్ పంపిన హెచ్‌టీఎంఎల్‌లో ఒక గుర్తు పెడితే, ఆ ముక్క పేజీలోకి రాగానే కంట్రోలర్ అతుక్కుంటుంది, పోగానే విడిపోతుంది. వివరాలేమో హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంటాయి. అంటే జేక్వెరీ రోజుల్లో మనం తిట్టుకున్న పనే, కాస్త క్రమశిక్షణతో. సర్వరే పేజీలు కట్టి పంపే దుకాణానికి ఇది చాలనే నా అభిప్రాయం. జీమెయిల్ లాంటిది కట్టాలంటే మాత్రం వివరాలకు వేరే ఇల్లు వెతకాల్సిందే.