షెడ్డులో అమెరికా కారు... బీరువాలో ఆర్సీ ఉందా?

సోలాపూర్: దుమ్ము పట్టిన పరదా లాగితే గుండ్రటి బానెట్, మెరుపు పోయిన క్రోమ్ మూతి, ముందూ వెనకా సోఫాల్లాంటి సీట్లు. ఇంటిల్లిపాదీ ఎక్కినా ఇంకొకరికి చోటుండే బండి. పేరు డాడ్జ్ కింగ్స్‌వే, ప్లిమత్, డిసోటో... ఏదైనా కావొచ్చు. పేర్లు మూడైనా అన్నీ అమెరికా క్రైస్లర్ సంతానమే. లోపలి సరుకు చాలావరకు ఒక్కటే!

మన ఊరి చుట్టరికం

ఈ కార్లకు సోలాపూర్‌తో చుట్టరికం ఉంది. 1882లో ఇక్కడ పుట్టిన వాల్‌చంద్ హీరాచంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టారు. 1947 నుంచి బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో ఈ అమెరికా కార్లను బిగించి అమ్మారు. తెలుగువాళ్లకు ఆయన మరోలా కూడా తెలుసు. విశాఖ నౌకా నిర్మాణ కేంద్రానికి 1941లో పునాది పడింది ఆయన సింధియా కంపెనీ చేతుల మీదుగానే.

కొనేముందు...

పాత కారు కనబడగానే మనసు పారేసుకునేవాళ్లే ఎక్కువ. దెబ్బ తినేదీ అక్కడే. ముందు చూడాల్సింది రంగు కాదు, ఆర్సీ. అందులోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీదున్న వాటితో కలవాలి. పెట్రోలు ఖర్చు భరించలేక ఒకప్పుడు చాలామంది ఈ కార్లకు డీజిల్ ఇంజిన్లు పెట్టించారు. అలాంటి బండి చవగ్గా వస్తుంది గానీ, తర్వాత చిక్కు తెచ్చిపెడుతుంది.

ఎందుకంటే 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్తగా నమోదుకు రుసుము రూ.20 వేలు, తిరిగి నమోదుకు రూ.5 వేలు. గడువు పదేళ్లు. పాత నంబరున్న బండి అదే నంబరు ఉంచుకోవచ్చు, కొత్తగా నమోదైతే 'వీఏ' సిరీస్ ఇస్తారు. ఇలా నమోదైన కారును రోజూ తిప్పడానికి, పెళ్లిళ్లకు అద్దెకివ్వడానికి వీల్లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, పెట్రోలు పోయించుకోవడం... అంతవరకే. అద్దెలతో ఖర్చు రాబట్టుకుందామనుకునేవాళ్లు ఈ ముక్క ముందే గుర్తుంచుకోవాలి.

తొందరపడితే ఇంజిన్‌కే ముప్పు

ఏళ్లతరబడి నిలిచిన బండిని తాడు కట్టి లాగి స్టార్ట్ చేయించకూడదు. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో నూనె పోసి కొన్నాళ్లు నాననివ్వాలి. తర్వాత చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. సుమారు మూడున్నర లీటర్ల ఈ ఆరు సిలిండర్ల ఇంజిన్ మొండిది, ఓపిక పడితే లేస్తుంది. ట్యాంకులో చేరిన తుప్పూ జిగురూ కడగాలి. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు పాత రబ్బరును పాడు చేస్తుంది కాబట్టి గొట్టాలన్నీ మార్చాలి. ఇంజిన్ లేచింది కదాని రోడ్డెక్కొద్దు. ముందు బ్రేకులు!

కరెంటు దగ్గర ఇంకో తిరకాసు. 1950ల తొలినాళ్ల బండిలో ఉండేది 6 వోల్టుల బ్యాటరీ. పైగా బాడీకి కలిపేది పాజిటివ్ తీగ. ఈ కాలం మేస్త్రీ అలవాటు చొప్పున తిప్పి కలిపినా, 12 వోల్టులు తగిలించినా వైరింగుకు, మీటర్లకు చేటు. పాత తీగల గుడ్డ తొడుగు చివికి ఉంటే కొత్త వైరింగే మేలు.

ఆఖరుగా ఒక మాట. షెడ్డు ఖాళీ చేయాలన్న తొందరలో తాతగారి కారును తూకానికి వేసేముందు బీరువాలోని పాత కాగితాల మూట ఒక్కసారి విప్పి చూడండి. ఆర్సీ పుస్తకం దొరికిందా... అప్పుడు పిలవాల్సింది పాత ఇనుము వ్యాపారిని కాదు, ఓపికున్న మేస్త్రీని.