మా జిల్లా ఆయన బొమ్మలు మోమాలో ఉన్నాయట!

ఇండియా నుంచి చుట్టాలొస్తే మన ఐసెలిన్ వాళ్ల ప్రోగ్రాం అందరికీ తెలిసిందే. ఒకరోజు లిబర్టీ బొమ్మ, ఒకరోజు టైమ్స్ స్క్వేర్, లాంగ్ వీకెండ్ దొరికితే నయాగరా, మధ్యలో బ్రిడ్జ్‌వాటర్ వెంకన్న గుడి. మిగిలిన టైమంతా ఓక్ ట్రీ రోడ్డు మీద నగల షాపులు, స్వీటు షాపులు. మోడరన్ ఆర్ట్ మ్యూజియం ఆ లిస్టులో ఎక్కడా ఉండదు. నా లిస్టులోనూ లేదు. పదకొండేళ్లుగా మెట్రోపార్క్‌లో తెల్లారుజామున రైలెక్కి మన్‌హటన్‌లో కన్‌స్ట్రక్షన్ పనికి పోతున్నాను. 53వ వీధిలో ఆ మ్యూజియం ముందు నుంచి హెల్మెట్ చేత్తో పట్టుకుని ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. లోపలికి మాత్రం పోలేదు. టికెట్ రేటు చూసి కొంత, ఇది మనలాంటోళ్లకి కాదులే అనే బెరుకు కొంత.

ఈసారి పోదామని ప్లాన్ వేస్తున్నాను. దానికి కారణం మా వాడి స్కూలు ప్రాజెక్టు.

వాడు ఏడో తరగతి. ఎవరైనా ఒక ఆర్టిస్టు గురించి రాసుకు రమ్మన్నారట టీచరు. "నాన్నా, మోమాలో తెలుగు ఆర్టిస్టులెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. మోమా అంటే మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌కి ఇక్కడి వాళ్లు పెట్టుకున్న పొట్టి పేరు. "వెతుక్కో పో" అని నేను టీవీ ముందు కూర్చున్నాను. పది నిమిషాల్లో వచ్చి "కృష్ణారెడ్డి అంట, చిత్తూరంట" అన్నాడు. టీవీ కట్టేశాను. అప్పట్లో మాదీ ఆ జిల్లాయే, పీలేరు దగ్గర. తిరుపతిలో సివిల్ డిప్లొమా చేశాను. అన్నేళ్లు అక్కడ తిరిగినా ఈ పేరు ఒక్కరు చెప్పగా వినలేదు.

ఆయన 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివారు. 1950ల మొదట్లో లండన్ స్లేడ్ స్కూలుకు, అక్కడి నుంచి పారిస్‌కు వెళ్లారు. పారిస్‌లో 'అటెలియే 17' అని హేటర్ అనే ఇంగ్లీషాయన నడిపే ప్రింట్ల వర్క్‌షాపు ఉండేది. మొదట శిల్పాలు చేసే మనిషి అక్కడ చేరి ప్రింట్లలో ప్రపంచమంతా తెలిసినవాడయ్యారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1976లో న్యూయార్క్ వచ్చి న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 2018 ఆగస్టులో ఇక్కడే కన్నుమూశారు. అంటే నేను రోజూ ఆయన ఉన్న ఊరికే పనికి పోయి వచ్చానన్నమాట.

ఆయన చేసిన పని చదువుతుంటే సైటు పనే గుర్తొచ్చింది. మామూలుగా రంగుల ప్రింటు తీయాలంటే ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు కావాలి. ఈయన, కైకో మోతీ అనే ఇంకో భారతీయుడు, హేటర్ కలిసి పట్టిన పద్ధతిలో ఒక్క ప్లేటు చాలు. దాని మీద ఎత్తు పల్లాలు చెక్కుతారు. రంగుల్లో అవిసె నూనె పాలు మారుస్తారు. నూనె ఎక్కువున్న పల్చటి రంగును గట్టి రోలర్‌తో దొర్లిస్తే అది పై మిట్టలకే అంటుతుంది. ఆ తర్వాత చిక్కటి రంగును మెత్తటి రోలర్‌తో దొర్లిస్తే పల్లాల్లోకి దిగుతుంది గానీ, నూనె తడి ఉన్న మిట్టల మీద పట్టదు. ఒక్కసారి ప్రెస్సులో పెట్టి తీస్తే అన్ని రంగులూ కాగితం మీదికి వచ్చేస్తాయి. మేం కాంక్రీటు లారీ రాగానే స్లంప్ టెస్ట్ చేసి నీళ్ల పాలు చూస్తాం కదా, ఆయన నూనెతో అదే లెక్క చూశారు. పాలు తప్పితే మా స్లాబూ చెడుతుంది, ఆయన ప్రింటూ చెడుతుంది. ఈ మాట మా వాడికి చెబితే ప్రాజెక్టులో రాసుకున్నాడు. డిప్లొమా ఇన్నాళ్లకి ఇంట్లో పనికొచ్చింది.

సరే, పోదామంటే అసలు తిరకాసు ఇక్కడే ఉంది. మోమా దగ్గర దాదాపు 2 లక్షల వస్తువులున్నాయి. గోడల మీద ఉండేవి వాటిలో కొన్నే. పైగా కాగితం మీది ప్రింట్లు వెలుతురుకు పాడవుతాయి కాబట్టి ఎక్కువకాలం చీకట్లోనే దాస్తారు. ముందు చూసుకోకుండా పోతే ఆయన ప్రింటు గోడ మీద ఉండకపోవచ్చు. మ్యూజియం వెబ్‌సైట్‌లో ఏది ప్రదర్శనలో ఉందో చూపిస్తారు, బయల్దేరే ముందు చూసుకోండి. గోడ మీద లేకపోతే వాళ్లకు డ్రాయింగులు, ప్రింట్ల స్టడీ సెంటర్ ఉంది. ముందే రాసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. అది పనిరోజుల్లో సంగతి. నాకు పనిరోజు మానేస్తే ఆ రోజు కూలి పోయినట్టే. వానపడి పని ఆగిన రోజు పోదామంటే అపాయింట్‌మెంట్ వానను బట్టి ఇవ్వరు కదా!

మా ఆవిడే దారి చెప్పింది. నవంబరు మొదట్లో టీచర్ల కన్వెన్షన్ అని న్యూజెర్సీ స్కూళ్లకు గురు, శుక్రవారాలు సెలవు. న్యూయార్క్‌లో ఆ సెలవు లేదు. ఆ గురువారం ఇమ్మని మెయిల్ రాశాను. ఆమె ఇంగ్లీషు దిద్దింది. మా వాడు చివర్లో ఆయన పుట్టిన జిల్లా, మా జిల్లా ఒకటేనని కలిపాడు.

ఖర్చు సంగతి కూడా చెబుతాను. పెద్దవాళ్లకి టికెట్ 30 డాలర్లు, 16 ఏళ్ల లోపు పిల్లలకి ఉచితం. శుక్రవారం సాయంత్రం ఊరికే పోవచ్చని మా సైటులో ఒకాయన చెప్పాడు. కనుక్కుంటే అది న్యూయార్క్ రాష్ట్రంలో ఉండేవాళ్లకే, మన న్యూజెర్సీకి లేదు. మెట్రోపార్క్ నుంచి పెన్ స్టేషన్, అక్కడ క్వీన్స్ వైపు పోయే నీలం రంగు 'ఇ' రైలు, నాలుగో స్టాపు ఫిఫ్త్ అవెన్యూ/53. దిగితే రెండు నిమిషాల నడక. ఉదయం 10:30కి తెరుస్తారు, తెరిచే టైముకే పోతే మేలు. ముందు ఐదో అంతస్తుకెక్కి కిందికి దిగుతూ రావాలని మా ప్లాన్. వాన్ గో 1889లో వేసిన నక్షత్రాల రాత్రి ముందు జనం ఎగబడతారట. మా వాడికి మాత్రం డ్యూషాంప్ స్టూలు మీద బిగించిన సైకిల్ చక్రం చూడాలనుంది. మా మేస్త్రీ చూస్తే ఇదేం బొమ్మ అంటాడు. నేనేమంటానో చూశాక చెబుతాను.

మధ్యాహ్నానికి పులిహోర కట్టుకుపోతాం. అదే 53వ వీధిలో ఫిఫ్త్ అవెన్యూ దాటగానే పేలీ పార్క్ అని చిన్న పార్కుంది. 1967లో కట్టారు, వెనక గోడంతా జలపాతం. కుర్చీలుంటాయి.

మెయిల్ పంపి ఆరు రోజులైంది, జవాబింకా రాలేదు. ఇంతలో మా ఇంజనీరు ఆ గురువారమే మూడో అంతస్తు స్లాబ్ వేద్దామంటున్నాడు. బుధవారానికి జరపమని అడిగాను. ఎందుకన్నాడు. మ్యూజియం అన్నాను. నిజమేనా అన్నట్టు ఒకసారి నా మొహంలోకి చూసి, సెంట్రింగ్ మంగళవారానికి పూర్తి చేయించగలవా అని అడిగాడు. చేయిస్తానన్నాను. ఇద్దరు మనుషుల్ని అదనంగా పెట్టాను.