రంజాను తేది ఏటేట మారుటకు కారణమేమి?

రంజాను ఒకప్పుడు మండువేసవిలో వచ్చును. కొన్నేండ్లకు చలికాలమున వచ్చును. ఇట్లేల జరుగునని మనలో పలువురికి సందేహము కలుగుచుండును. కారణమెరిగినచో పొరుగువారి మతాచారము బోధపడుటయే గాక, గ్రామపాలనకును మేలు కలుగును.

ఇస్లాము మతమున విశ్వాసికి ఐదు విధులు కలవు. దేవుడొక్కడే యనియు, ముహమ్మదు ఆయన ప్రవక్త యనియు సాక్ష్యమిచ్చుట మొదటిది. దినమునకు ఐదు వేళల నమాజు చేయుట రెండవది. నిర్ణీత పరిమితికి మించి ఏడాదిపాటు నిలిచిన ధనములో నూటికి రెండున్నర వంతు పేదలు మొదలగువారికి జకాతుగా ఇచ్చుట మూడవది. రంజాను నెలలో తెల్లవారుజామునుండి సూర్యాస్తమయము వరకు ఉపవసించుట నాల్గవది. రోగులు, ప్రయాణికులు పిదప ఆ దినములను పూరింపవచ్చును. శక్తిగలవారు జీవితమున ఒకసారి మక్కాకు హజ్ యాత్ర చేయుట ఐదవది. ఉపవాసమునకును, హజ్ యాత్రకును కాలము నిర్ణయించువాడు చంద్రుడే.

మన పంచాంగమును చంద్రుని అనుసరించునదే. పండ్రెండు చాంద్రమాసములకు సుమారు 354 దినములు. సౌర సంవత్సరముకంటె ఇది 11 దినములు తక్కువ. మనవారు సుమారు మూడేండ్లకొక అధికమాసమును చేర్చి నెలలను ఋతువులతో సరిపెట్టుదురు. ఖురాను అట్లు చేర్చుటను నిషేధించినది. కావున రంజాను సుమారు 33 ఏండ్లలో ఋతువులన్నింటిని చుట్టివచ్చును. వేసవి ఉపవాసపు కష్టమును, చలికాలపు సౌలభ్యమును అందరికిని వంతువంతున లభించును.

దీనినుండి మనకొక సులభసూత్రము దొరకును. అధికమాసము వచ్చువరకు ముస్లిముల నెల ఒకే తెలుగు నెలతో నడచును. అధికమాసము రాగానే ఒక నెల వెనుకకు జరుగును. 2018, 2019, 2020 సంవత్సరములలో మొహర్రము మన భాద్రపదముతో కలిసివచ్చినది. వినాయకుని నవరాత్రులును, పీర్ల పండుగయు ఒకే పక్షమున పడినవి. 2020లో అధిక ఆశ్వయుజము వచ్చినందున 2021లో మొహర్రము శ్రావణమునకు జరిగినది.

మొహర్రము పదవ దినము ప్రవక్త మనుమడగు హుసేను 680లో కర్బలా యందు ప్రాణములర్పించిన దినము. తెలంగాణమునను, రాయలసీమలోను అనేక గ్రామములందు హిందువులును పీర్లకు మ్రొక్కుదురు. అయినను అది మూలమున సంస్మరణ దినము; శుభాకాంక్షలు తెలుపదగిన వేడుక కాదని గుర్తుంచుకొనవలెను. పీర్లను నిలుపుటను అంగీకరింపని ముస్లిములును కలరు.

కావున పంచాయతీ సభ్యులు ఏడాది మొదటనే పంచాంగమును ముందుంచుకొని, రెండు పండుగలు ఒకే పక్షమున పడునేమో చూడవలెను. పడినచో ఇరుపక్షముల పెద్దలను పిలిచి, ఊరేగింపుల వేళలను, వీధులను ముందే నిర్ణయింపవలెను. నెలవంక కనబడిన పిదపనే నెల ఆరంభమగును గనుక, ఒక దినము అటునిటు కావచ్చునని ఎంచి ఏర్పాట్లు చేయవలెను. రంజాను నెలలో పంచాయతీ సమావేశములను సూర్యాస్తమయ వేళ పెట్టరాదు. తెల్లవారుజామున కుళాయి నీరందునట్లు చూడవలెను. వీనికి వ్యయము స్వల్పము. గ్రామమునకు కలుగు శాంతి మిక్కిలి గొప్పదని మేము నమ్ముచున్నాము.