నందికొండ రద్దీ – బస చేసినవారికి ముందువరుస

చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి ప్రాంతాల వారికి నందికొండ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఎత్తు 1478 మీటర్లు. బెంగళూరుకు సుమారు 60 కిలోమీటర్లు. ఆ దగ్గరతనమే కొండకు చిక్కు తెచ్చింది. సెలవునాడు వచ్చేవారంతా కోరేది ఒక్కటే, సూర్యోదయం. అది రోజుకు ఒక్కసారి, కాసేపే. అందుకే తెల్లవారకముందే కొండ కింద వాహనాలు బారులు తీరుతాయి.

ఇటువంటి రద్దీని తగ్గించడం ఎలా? టికెట్టు ధర పెంచడం ఒక పద్ధతి. వచ్చేవారి సంఖ్యకు హద్దు పెట్టడం మరొకటి. అక్కడే బస చేసినవారికి కొంత వెసులుబాటు ఇచ్చి, జనాన్ని వేరువేరు వేళలకు సర్దడం మూడవది. ఈ మూడవ పద్ధతిని గురించి ఆలోచిద్దాం.

నందికొండ మీద కర్ణాటక పర్యాటక అభివృద్ధి సంస్థ వారి హోటలు, ఉద్యాన శాఖ వారి అతిథిగృహాలు ఉన్నాయి. ముందురోజే చేరినవారు చీకట్లో ఘాటురోడ్డు ఎక్కనక్కరలేదు. లేచి నాలుగడుగులు నడిస్తే చాలు. 2021 ఆగస్టులో కొండచరియ విరిగిపడి రోడ్డు తెగిపోయింది. ఆ డిసెంబరులో మళ్ళీ తెరిచినప్పుడు, శని ఆదివారాల్లో మామూలు సందర్శకులను ఆపి, ముందుగా గదులు తీసుకున్నవారిని మాత్రం పైకి అనుమతించారు.

వినోదపు పార్కులు ఈ పద్ధతిని ఎప్పటినుంచో పాటిస్తున్నాయి. అమెరికాలోని ఫ్లోరిడాలో ఉన్న డిస్నీ వరల్డ్‌లో నాలుగు పెద్ద పార్కులున్నాయి. పూర్వం అక్కడి హోటళ్ళలో దిగినవారికి రోజుకొక పార్కులో అదనపు సమయం ఇచ్చేవారు. దాంతో హోటలు జనం ఆ పార్కుకే మొగ్గేవారు. రద్దీ తగ్గడానికి బదులు ఒకచోట కుప్ప పడేది. 2021 అక్టోబరు నుంచి పద్ధతి మార్చారు. నాలుగు పార్కుల్లోనూ ప్రతిరోజూ అరగంట ముందు ప్రవేశం. పొద్దున్నే ఆట ఎక్కేసినవాడు మధ్యాహ్నం మళ్ళీ అదే వరుసలో నిలబడే అవసరం తక్కువ. ఖాళీగా పోయే సమయం పనికి వస్తుంది. కిటుకంతా ఇంతే.

అయితే ఇది న్యాయమేనా అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. జాతరకు ముందురాత్రి వచ్చి సత్రంలో పడుకున్నవాడికి తొలి దర్శనం దొరికితే ఎవరూ తప్పు పట్టరు. ఎందుకంటే సత్రం అందరిదీ. హోటలు గది అలా కాదు. ఉన్న గదులు కొద్ది, అద్దె అందరూ కట్టలేరు. బాగేపల్లి నుంచి పిల్లలతో బస్సులో వచ్చి, సాయంత్రానికి తిరిగిపోయే కుటుంబానికి ఆదివారం ఒక్కటే సెలవు. గది ఉన్నవారికే తలుపు తీస్తే ఆ కుటుంబానికి కొండే లేకుండా పోతుంది. అరగంట ముందు పంపడం వేరు, మిగతావారిని అసలు పంపకపోవడం వేరు. మొదటిది సర్దుబాటు, రెండవది అడ్డుగోడ.

కనుక వెసులుబాటు చిన్నదిగా ఉండాలి. ఖాళీ వేళనే వాడుకోవాలి. ఒక్కపూటకు వచ్చేవారి వాటా తగ్గించకూడదు. ప్రమాదం వల్ల కొన్నాళ్ళు కట్టడి చేసినా, అది తీరగానే వారికి దారి తెరవాలి.

మీరు వెళ్ళదలిస్తే సోమవారం నుంచి శుక్రవారం లోపల వెళ్ళండి. బయలుదేరే ముందు ఆనాటి నియమాలు కనుక్కోండి. కుదిరితే బస్సెక్కండి. ఒక బస్సు ఎన్నో కార్ల చోటు మిగులుస్తుంది.